ఢిల్లీలో రిపబ్లిక్ డే పరేడ్ చూడాలంటే: టికెట్ నుంచి తిరుగు రైలు దాకా

సంక్రాంతి దగ్గరపడుతుంటే చాలు, ‘ఈసారి పరేడ్‌కి ఢిల్లీ వెళ్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?’ అని అడిగేవాళ్లు మొదలవుతారు. ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్తే సగం మర్చిపోతారు, అందుకే అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

పరేడ్ నడిచేది గంటన్నర. దానికోసం మీరు ఢిల్లీ చలిలో గడిపేది ఐదారు గంటలు. ఆ సేపంతా చేతిలో సంచీ ఉండదు, నీళ్ల సీసా ఉండదు, తినడానికి ఏమీ ఉండదు. కాబట్టి సర్దుకోవడంలో కష్టమంతా వదిలెయ్యాల్సినవాటి దగ్గరే ఉంది. చేతులు ఖాళీగా, కడుపు నిండుగా, బట్టలు దళసరిగా ఉన్నవాళ్లకి ఆ ఉదయం హాయిగా గడిచిపోతుంది. మిగతావాళ్లు గేటు దగ్గరే నీరసపడిపోతారు.

## 1. ముందు తేదీలు తేల్చుకోండి

పరేడ్ ఒక్కటే చూసి వచ్చెయ్యాలా, దాని చుట్టూ జరిగేవి కూడా చూడాలా అన్నది మొదట నిర్ణయించుకోవాలి. ఎందుకంటే సెలవులు, రైలు టికెట్లు అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

- జనవరి 23: ఫుల్ డ్రెస్ రిహార్సల్. పరేడ్ ఎలా నడుస్తుందో దాదాపు అలాగే, అదే దారిలో.
- జనవరి 26: అసలు పరేడ్. ఇటీవలి ఏళ్లలో ఉదయం 10:30కి మొదలవుతోంది.
- జనవరి 26 నుంచి 31: ఎర్రకోట దగ్గర భారత్ పర్వ్. పరేడ్‌లో వెళ్లిన శకటాలను అక్కడ నిలిపి ఉంచుతారు.
- జనవరి 28: బీటింగ్ రిట్రీట్ రిహార్సల్.
- జనవరి 29: విజయ్ చౌక్‌లో సాయంత్రం బీటింగ్ రిట్రీట్, అంటే సైనిక బ్యాండ్ల కార్యక్రమం.

నన్నడిగితే 24న ఢిల్లీ చేరి 28 ఉదయం బయల్దేరడం కుటుంబాలకి సరిపోతుంది. బ్యాండు సంగీతం ఇష్టమైతే ఇంకో రెండు రోజులు పొడిగించి 29 సాయంత్రం కూడా చూసి రండి. 25 రాత్రి దిగి 26 తెల్లవారుజామున పరేడ్‌కి పరుగెత్తే ప్లాన్ మాత్రం వద్దు. జనవరిలో ఉత్తరాదిన పొగమంచు పట్టిందంటే రైళ్లు గంటలకి గంటలు ఆలస్యమవుతాయి.

## 2. రైలు, విమానం, బస

ఇక్కడో చిక్కుంది. పరేడ్ టికెట్లు జనవరి మొదట్లో గానీ అమ్మకానికి రావు. రైలు రిజర్వేషనేమో 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. అంటే జనవరి 24 ప్రయాణానికి నవంబరు 25కే బుకింగ్ మొదలు. పరేడ్ టికెట్ చేతికొచ్చాక రైలు సంగతి చూద్దామనుకుంటే వెయిటింగ్ లిస్టే గతి. ముందు ప్రయాణం ఖాయం చేసుకోండి. పరేడ్ టికెట్ దొరక్కపోతే ఏం చూడాలో కింద 4వ భాగంలో ఉంది.

రైలైతే నాంపల్లి నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, సికింద్రాబాద్ నుంచి రాజధాని, విశాఖ నుంచి విజయవాడ మీదుగా ఏపీ ఎక్స్‌ప్రెస్ అందరికీ తెలిసినవే. విమానమైతే ఒక జాగ్రత్త. పరేడ్‌కి ముందు వారం ఢిల్లీ గగనతలాన్ని రోజూ పొద్దున కాసేపు మూసేస్తారు. 2024లో జనవరి 19 నుంచి 26 దాకా ఉదయం 10:20 నుంచి 12:45 వరకు విమానాలు దిగడం, ఎగరడం ఆపేశారు. మధ్యాహ్నం మూడు తర్వాత దిగే విమానం చూసుకుంటే గొడవ ఉండదు.

బసకి ఒకటే సూత్రం: మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలగాలి. 26 తెల్లవారుజామున ఆటో దొరుకుతుందో లేదో, దొరికినా ఏ బారికేడ్ దగ్గర ఆపేస్తారో చెప్పలేం. పహాడ్‌గంజ్‌లో దిగితే న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ఎల్లో లైన్‌లో మూడో స్టాపే సెంట్రల్ సెక్రటేరియట్, పరేడ్‌కి దగ్గరి స్టేషన్. కరోల్ బాగ్ అయితే బ్లూ లైన్‌లో వచ్చి రాజీవ్ చౌక్‌లో మారాలి. రూము బుక్ చేసేటప్పుడే ‘26న తెల్లవారుజామున ఐదింటికి బయటికి వెళ్తాం, తలుపు తీసేవాళ్లుంటారా?’ అని అడగండి. వింత ప్రశ్నలా అనిపిస్తుంది గానీ చిన్న హోటళ్లలో ఆ వేళకి షట్టరు దించేసి కుర్రాడు నిద్రపోతుంటాడు.

## 3. పరేడ్ టికెట్ తీసుకోవడం

టికెట్లు రక్షణ శాఖ నడిపే ఆమంత్రణ్ పోర్టల్‌లో, దాని మొబైల్ యాప్‌లో అమ్ముతారు. 2025లో జనవరి 2 నుంచి 11 దాకా, 2026లో 5 నుంచి 14 దాకా అమ్మారు. ధర పెద్ద విషయం కాదు. 2025లో రెండే రకాలు: ₹100, ₹20. బీటింగ్ రిట్రీట్‌కి ₹100, దాని రిహార్సల్‌కి ₹20. ఇబ్బందల్లా ఏ రోజు కోటా ఆ రోజే అయిపోవడం. ఉదయం 9కి తెరుస్తారు. పది నిమిషాలు ఆలస్యంగా కూర్చుంటే మర్నాటి కోసం ఆగాలి.

వరసగా ఇలా చెయ్యండి:

1. డిసెంబరు చివరి వారం నుంచే రక్షణ శాఖ ప్రకటన కోసం చూడండి. తేదీలు, ధరలు ఏటా కొంచెం మారతాయి.
2. అమ్మకం మొదలయ్యే ముందురోజే ఇంట్లో అందరి పేర్లు, పుట్టిన తేదీలు, గుర్తింపు కార్డు నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. కార్డుల ఫొటోలు ఫోన్లో సిద్ధంగా పెట్టుకోండి.
3. 9కి పది నిమిషాల ముందే లాగిన్ అవడానికి సిద్ధంగా ఉండండి. ఓటీపీ వచ్చే ఫోన్ చేతిలోనే ఉండాలి. అది ఆఫీసుకెళ్లిన ఆయన జేబులో ఉంటే ఈ పని కాదు.
4. కార్యక్రమాల జాబితాలో ‘పరేడ్’ అన్నదాన్నే ఎంచుకున్నారో లేదో చూసుకోండి. రిహార్సల్, రిట్రీట్ పక్కపక్కనే ఉంటాయి. తొందరలో వేరేది నొక్కేస్తారు.
5. డబ్బు కట్టాక టికెట్ డౌన్‌లోడ్ చేసుకుని, కాగితం మీద ప్రింటు కూడా తీసుకోండి.

ఏ కార్డుతో బుక్ చేశారో ఆ కార్డే, అసలుదే, గేటు దగ్గర చూపించాలి. ఆధార్‌తో తీసుకుని ఓటరు కార్డు పట్టుకెళ్తే వాదన తప్పదు. జిరాక్స్ మీద ఆశ పెట్టుకోకండి.

ఆన్‌లైన్‌లో కుదరకపోతే ఢిల్లీలో కౌంటర్లు పెడతారు. సేనా భవన్, శాస్త్రి భవన్, జంతర్ మంతర్, రాజీవ్ చౌక్ మెట్రో స్టేషన్ ఇటీవల పెట్టినచోట్లలో ఉన్నాయి. ఢిల్లీలో బంధువులో, స్నేహితులో ఉంటే ఈ దారి పనికొస్తుంది. అయితే అక్కడా అసలు గుర్తింపు కార్డు చూపాలి కాబట్టి ముందు వాళ్లని కనుక్కోమనండి. బయట ఎవరో పాసులిప్పిస్తామంటే డబ్బివ్వకండి.

టికెట్ రాగానే మూడు సంగతులు చదవండి: ఎన్‌క్లోజర్ (మీరు కూర్చోవాల్సిన విభాగం) పేరు, గేటు, దారి. పరేడ్ నడిచే రోడ్డు కర్తవ్య పథ్ (పాత రాజ్‌పథ్). దానికి ఉత్తరం వైపు ఎన్‌క్లోజర్లు వేరు, దక్షిణం వైపువి వేరు. ఆ పొద్దున రోడ్డు దాటి అటునుంచి ఇటు రావడం కుదరదు. 2026లో ఎన్‌క్లోజర్లకి నదుల పేర్లు పెట్టారు, మన గోదావరి, కృష్ణ, పెన్నా కూడా వాటిలో ఉన్నాయి. మనవాళ్లకి ముచ్చటే గానీ, కృష్ణ టికెట్ పట్టుకుని గోదావరి క్యూలో నిలబడితే లోపలికి పంపరు.

## 4. టికెట్ దొరక్కపోతే

ప్రయాణం మానుకోనక్కర్లేదు.

పరేడ్ విజయ్ చౌక్ దగ్గర మొదలై కర్తవ్య పథ్ మీదుగా ఇండియా గేట్ చుట్టూ ఉన్న సీ-హెగ్జాగన్‌కి వచ్చి, తిలక్ మార్గ్, బహదూర్ షా జఫర్ మార్గ్, నేతాజీ సుభాష్ మార్గ్ గుండా ఎర్రకోటకి వెళ్తుంది. ఇండియా గేట్ దాటాక రోడ్డు పక్కన జనం నిలబడి చూస్తారు. రాష్ట్రపతి వేదిక ముందు జరిగేవి మీకు కనపడవు, కవాతు మాత్రం కళ్లముందే సాగిపోతుంది. ఎనిమిదిన్నరకల్లా చేరి, పోలీసులు చూపించినచోట నిలబడాలి. పిల్లల్ని ముందు వరసలోకి పంపండి. ఢిల్లీ జనం ఆ విషయంలో బాగానే సర్దుకుంటారు.

లేదా బీటింగ్ రిట్రీట్‌కి ప్రయత్నించండి. సైన్యం, నౌకాదళం, వాయుసేన, పారామిలటరీ బ్యాండ్లు వాయిస్తుంటే పొద్దు వాలుతుంది. చివర్లో రాష్ట్రపతి భవన్ ఉన్న రైసినా కొండ మీది భవనాలన్నీ ఒక్కసారిగా దీపాలతో వెలుగుతాయి. చాలామంది దీన్ని పరేడ్ తర్వాతి స్థానంలో ఉంచుతారు. నాకైతే రెండిట్లో ఒకటే చూడమంటే ఇదే చూస్తాను. పొద్దున్నే లేవాల్సిన పని లేదు, సాయంత్రం చలి కాస్త భరించేలా ఉంటుంది.

## 5. జనవరి 25: ముందురోజు పనులు

25న ఇండియా గేట్ చూసొద్దాం అని చాలామంది అనుకుంటారు. ఆ చుట్టుపక్కలంతా బారికేడ్లే. సాయంత్రం 5 తర్వాత కర్తవ్య పథ్ మీదికి వాహనాల్ని రానివ్వరు, రాత్రికి దాన్ని అడ్డంగా దాటే రోడ్లు కూడా మూసేస్తారు. ఆ రోజు కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి లాంటివి పెట్టుకుని నాలుగింటికల్లా రూముకి వచ్చెయ్యండి.

సాయంత్రం చెయ్యాల్సినవి:

- ఢిల్లీ ట్రాఫిక్ పోలీసులు, మెట్రో సంస్థ ఇచ్చిన ఆ ఏటి సూచనలు చదవండి. మెట్రో 2024లో తెల్లవారుజామున 4కి, 2025లో 3కే మొదలైంది. ఆరింటిదాకా అరగంటకో రైలు.
- మెట్రో కార్డులో డబ్బు వేయించండి. ఇటీవలి ఏళ్లలో పరేడ్ టికెట్ ఉన్నవాళ్లకి సెంట్రల్ సెక్రటేరియట్, ఉద్యోగ్ భవన్ స్టేషన్లకి మెట్రో ప్రయాణం ఉచితంగా ఇచ్చారు. ఆ సదుపాయం ఉంటే మంచిదే, లేకపోయినా ఆగిపోకూడదు.
- సొంత కారో, స్నేహితుడి కారో మెట్రో పార్కింగ్‌లో పెట్టి వెళ్దామన్న ఆలోచన మానుకోండి. ఆ పార్కింగుల్ని ముందురోజు నుంచే మూసేసిన ఏళ్లున్నాయి.
- తెల్లవారుజామున తినడానికి ఏదైనా రూములో పెట్టుకోండి. ఆ వేళకి హోటల్లో టిఫిను దొరకదు. సంక్రాంతి వెళ్లి పదిరోజులే కాబట్టి ఇంటి నుంచి తెచ్చిన అరిసెలు, సకినాలు, జంతికలు డబ్బాలో ఇంకా మిగిలే ఉంటాయి. వాటితోపాటు అరటిపళ్లు, బ్రెడ్డు చాలు.
- ఫోన్లు పూర్తిగా ఛార్జింగ్ పెట్టి, తొమ్మిదింటికి పడుకోండి.

## 6. ఏం వేసుకోవాలి

మన ప్రాంతం వాళ్లు తేలిగ్గా తీసుకునేది దీన్నే. ‘స్వెటర్ ఉందిగా’ అంటారు. హైదరాబాద్‌లో స్వెటర్ వేసుకుని నడిచే చలి వేరు, ఢిల్లీలో సూర్యుడు రాకముందు కుర్చీలో కదలకుండా కూర్చునే చలి వేరు. జనవరి 26న అక్కడ సూర్యోదయం 7:10 దాటాకే. పొగమంచు ఉంటే తొమ్మిదైనా ఎండ తగలదు.

ఒక్క లావుపాటి కోటు కంటే పొరలుపొరలుగా వేసుకోవడం నయం. లోపల థర్మల్స్, పైనా కిందా రెండూ. దానిమీద పూర్తి చేతుల చొక్కా, ఆపైన స్వెటర్, అన్నిటికీ పైన గాలి చొరబడని జాకెట్. చీర కట్టుకునేవాళ్లు లోపల థర్మల్ ప్యాంటు వేసుకుంటే ఎవరికీ కనపడదు, మీకు మాత్రం తేడా తెలుస్తుంది.

చలి మొదట పాదాల నుంచి ఎక్కుతుంది. రెండు జతల సాక్సులు, బూట్లు. చెప్పులు, శాండల్స్ వద్దు. చెవులకి మంకీ క్యాప్ గానీ మఫ్లర్ గానీ చుట్టుకోండి. ఫొటోలో బాగుండదని తీసేస్తే అరగంటలో చెవిపోటు మొదలవుతుంది. ఒక శాలువా అదనంగా కప్పుకోండి. కుర్చీ మంచులా చల్లగా ఉంటే దాన్నే మడిచి వేసుకుని కూర్చోవచ్చు.

జాకెట్‌కి లోపలివైపు జిప్ ఉన్న జేబులుండాలి. సంచీ ఉండదు కాబట్టి మీ బ్యాగు, పర్సు అన్నీ ఆ జేబులే. పదకొండింటికి ఎండెక్కి ఉక్కపోస్తే జాకెట్ విప్పి నడుముకి కట్టుకోగలగాలి. భారీ ఓవర్‌కోట్లతో ఆ పని కాదు.

## 7. జేబులో ఏం ఉండాలి, రూములో ఏం వదలాలి

నిషేధించిన వస్తువుల జాబితా పొడవుగా ఉంటుంది. ఏటా ప్రకటిస్తారు, టికెట్‌తోపాటు వచ్చే సూచనల్లోనూ ఉంటుంది. ఏటికేడాది చిన్న మార్పులుంటాయి కాబట్టి ఆ సూచనలే చివరి మాట. కింద రాసినవి మాత్రం ఎప్పుడూ తగిలేవే.

తీసుకెళ్లాల్సినవి:

- ప్రింటు తీసిన టికెట్, ఎవరిది వాళ్ల జేబులో
- బుక్ చేసిన అసలు గుర్తింపు కార్డు, ఎవరిది వాళ్ల జేబులో
- మొబైల్ ఫోన్, ఇయర్‌ఫోన్లు లేకుండా (ఆ ఏడు అనుమతి ఉందో లేదో సూచనల్లో చూసుకుని)
- కొంచెం డబ్బు, మెట్రో కార్డు
- రుమాలు
- తప్పనిసరి మందులుంటే డాక్టరు చీటీతో సహా, ఆ పూటకి సరిపడా మాత్రమే

వదిలెయ్యాల్సినవి:

- ఏ సైజు సంచీ అయినా, హ్యాండ్‌బ్యాగుతో సహా
- తినుబండారాలు, నీళ్ల సీసాలు, ఫ్లాస్కులు
- కెమెరా, బైనాక్యులర్లు, ట్యాబ్
- పవర్ బ్యాంకు, ఛార్జర్, ఇయర్‌ఫోన్లు
- గొడుగు
- సెంటు, స్ప్రేలు
- సిగరెట్లు, అగ్గిపెట్టె, లైటరు
- కత్తెర, బ్లేడు, చాకు, స్క్రూడ్రైవరు
- రిమోట్ ఉన్న కారు తాళంచెవి
- పిల్లల బొమ్మ తుపాకీలు

కారు తాళంచెవి సంగతి ఎవరికీ తట్టదు. బంధువుల కారులో దించించుకుంటే తాళం వాళ్ల దగ్గరే ఉండాలి. హ్యాండ్‌బ్యాగుల అడుగున నెలల తరబడి పడి ఉండే నెయిల్‌కట్టర్లు, చిన్న అత్తరు సీసాలు కూడా ఇంతే. జాకెట్ జేబులు రాత్రే దులిపి చూసుకోండి. గేటు దగ్గర తీసి పక్కన పడేసినవి తిరిగి దొరకవు.

టికెట్, కార్డు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలని రెండుసార్లు రాయడానికి కారణముంది. తనిఖీ దగ్గర ఆడవాళ్ల వరస వేరు, మగవాళ్ల వరస వేరు. మన ఇళ్లలో కాగితాలన్నీ ఒకరి దగ్గరే ఉంటాయి. ఆయన అవతలి వరసలో, ఆవిడ ఇవతలి వరసలో, మధ్యలో వందమంది. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ సరిగా ఉండదు.

## 8. 26 తెల్లవారుజామున

ఈ లెక్క పహాడ్‌గంజ్, కరోల్ బాగ్ దూరాలకి వేసింది. ఇంకా దూరంలో ఉంటే అరగంట ముందుకి జరపండి.

3:45 లేవడం. వేడినీళ్ల స్నానం చేస్తే తల తడపకండి.

4:30 తినడం. కడుపు నిండా తినండి, నీళ్లు మాత్రం కొద్దిగా తాగండి. కాఫీ, టీ ఒక్కసారితో ఆపండి. లోపల తాత్కాలిక మరుగుదొడ్లుంటాయి గానీ మంచి సీటు వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి అది ఉంటుందన్న హామీ లేదు.

5:15 బయల్దేరడం. తలుపు దగ్గర అందరూ ఆగి జేబులు తడుముకోండి: టికెట్, కార్డు, ఫోన్.

6:00 ప్రాంతంలో మెట్రో దిగడం. ఎటు వెళ్లాలో అక్కడున్న పోలీసులకి టికెట్ చూపించి అడగండి. ముందు వెళ్తున్న గుంపు వెనకాల పోవద్దు, వాళ్ల ఎన్‌క్లోజర్ వేరే కావచ్చు. స్టేషన్ నుంచి గేటుదాకా నడక బాగానే ఉంటుంది.

6:30 నుంచి 8:00 క్యూలు, తనిఖీలు. ఒక్కచోటే అనుకోకండి, రెండు మూడుచోట్ల ఆపుతారు.

ఎన్‌క్లోజర్ లోపల సీటు నంబరు లేకపోతే ముందొచ్చినవాళ్లదే. కర్తవ్య పథ్ పడమర నుంచి తూర్పుకి సాగుతుంది. పరేడ్ పడమటి కొసన విజయ్ చౌక్ నుంచి వస్తుంది. ఉత్తరం వైపు కూర్చున్నవాళ్లకి కుడిచేతి వైపు నుంచి వస్తుంది, ఎండ ఎదురుగా కొడుతుంది. వాళ్లు ముందు అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే మంచిది. దక్షిణం వైపువాళ్లకి పరేడ్ ఎడమవైపు నుంచి వస్తుంది, ఎండ వీపుకి తగులుతుంది. ఆ చలిలో అదో సుఖం.

కూర్చునేముందు ఎదురుగా స్తంభం, లౌడ్‌స్పీకరు, కెమెరా స్టాండు ఏమన్నా అడ్డం ఉన్నాయేమో చూసుకోండి. నడవ పక్క సీటు అయితే లేచి కూర్చోవడం తేలిక. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి లోపలి జేబులో వేసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, మళ్లీ ఛార్జ్ చేసుకునే దారి లేదు.

## 9. ఏది ఎప్పుడు వస్తుంది

వరస తెలిస్తే ఎక్కడ ఫోన్ తియ్యాలో, ఎక్కడ దాన్ని పక్కనపెట్టి కళ్లతో చూడాలో తెలుస్తుంది.

1. ప్రధానమంత్రి జాతీయ యుద్ధ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఇది మీకు తెర మీదే కనపడుతుంది.
2. రాష్ట్రపతి, ముఖ్య అతిథి వస్తారు. ముందూవెనకా రాష్ట్రపతి అంగరక్షక దళం గుర్రాల మీద ఉంటుంది. 2024 నుంచి గుర్రపు బగ్గీ మళ్లీ వచ్చింది.
3. జెండా, జాతీయ గీతం, 21 తుపాకుల వందనం. లేచి నిలబడండి. శతఘ్నుల చప్పుడుకి చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు, ముందే చెప్పి ఉంచండి.
4. హెలికాప్టర్లు జెండాలతో వచ్చి పూలరేకులు చల్లుతాయి. ఇవి తక్కువ ఎత్తులో, నింపాదిగా వస్తాయి. ఫొటోకి ఇదే అనువైన సమయం.
5. పరేడ్ కమాండర్, పరమవీర చక్ర, అశోక చక్ర గ్రహీతలు. జీపుల్లో ఒక్క నిమిషంలో దాటిపోతారు. ఫోన్లో మొహం పెట్టుకుంటే తప్పిపోతారు.
6. 61వ కావల్రీ గుర్రాలు, ట్యాంకులు, క్షిపణి వాహనాలు, తర్వాత కవాతు దళాలు, వాటి బ్యాండ్లు, సరిహద్దు భద్రతా దళం ఒంటెలు.
7. రాష్ట్రాల, మంత్రిత్వ శాఖల శకటాలు, నృత్యాలు.
8. మోటారు సైకిళ్ల విన్యాసాలు, విమానాల ఫ్లైపాస్ట్.

కవాతు దళం దూరంగా ఉన్నప్పుడు ఒక గోడ కదిలొస్తున్నట్టు కనపడుతుంది. మీ ఎదురుగా రాగానే కళ్లు ముఖాల మీదికి పోతాయి గానీ ఒక్క వరస కాళ్లని చూడండి. బూట్ల మడమలన్నీ ఒకేసారి నేలని తాకే చప్పుడు బ్యాండుని మించి వినపడుతుంది. టీవీలో అది రాదు.

శకటాలు అన్ని రాష్ట్రాలవీ ప్రతి ఏడూ ఉండవు. మనది ఉందో లేదో ముందే తెలుసుకుంటే ఎదురుచూడ్డానికి బాగుంటుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మల మీద వచ్చి మూడో బహుమతి తెచ్చుకుంది. శకటం దాటేటప్పుడు ముందువైపే చూసి ఆగిపోకండి. పక్కల చెక్కిన బొమ్మలు, వెనకాల నడిచే కళాకారుల్లోనే అసలు పనితనం ఉంటుంది.

ఫ్లైపాస్ట్ దగ్గర చాలామంది చప్పుడు విని తలెత్తుతారు. జెట్ విమానం చప్పుడు కంటే ముందుంటుంది. వ్యాఖ్యానంలో విమానం పేరు వినపడగానే ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టండి. పొగమంచు దట్టంగా ఉంటే కొన్ని విన్యాసాలు కనపడవు, రద్దూ కావచ్చు. దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. మరో మాట: వీడియో తియ్యడానికి కుర్చీలెక్కకండి. వెనకవాళ్లూ మీలాగే నాలుగింటికి లేచి వచ్చారు.

## 10. పిల్లలు, పెద్దవాళ్లు

ఐదారేళ్లలోపు పిల్లలకి ఇది సరైన కార్యక్రమం కాదని నా అభిప్రాయం. చలి, ఆకలి, కదలకుండా కూర్చోవడం మూడూ కలిసి పది గంటలకే ఏడుపు మొదలవుతుంది, పరేడేమో పదిన్నరకి. వాళ్లకి భారత్ పర్వ్ వెయ్యి రెట్లు నయం. ఎనిమిదేళ్లు దాటినవాళ్లయితే భేషుగ్గా చూస్తారు.

తీసుకెళ్తే, అమ్మానాన్నల ఫోన్ నంబరు, హోటల్ పేరు రాసిన చీటీ పిల్లల జేబులో పెట్టండి. ‘తప్పిపోతే ఉన్నచోటే నిలబడి యూనిఫాంలో ఉన్నవాళ్లకి చీటీ చూపించు’ అని రాత్రే నేర్పండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల విషయంలో నిక్కచ్చిగా ఉండండి. రానూపోనూ నడక, క్యూలో నిలబడటం కలిపితే చాలానే అవుతుంది. వాళ్లకి రూములో దూరదర్శన్ పెట్టి, తర్వాత భారత్ పర్వ్‌లో శకటాలు చూపించడం మర్యాదే గానీ నిర్లక్ష్యం కాదు.

## 11. అక్కడికక్కడే ఎదురయ్యే ఇబ్బందులు, సర్దుబాట్లు

వేరే వైపు దిగిపోయారు. అడ్డదారిలో రోడ్డు దాటే ప్రయత్నం చెయ్యొద్దు. దగ్గర్లోని పోలీసుకి టికెట్ చూపించి, చుట్టూ తిరిగి వెళ్లే దారి అడగండి. అందుకే ఆరింటికి దిగమన్నది.

నిషేధిత వస్తువు ఒకటి బయటపడింది. గేటు దగ్గర భద్రపరిచేవాళ్లు ఉంటారని నమ్ముకోవద్దు. చవకదైతే వదిలేసి లోపలికెళ్లండి. ఖరీదైనదైతే ఒకరు వెనక్కి వెళ్లాలి. ఎవరు వెళ్లాలో అక్కడ తగవుపడేకంటే రాత్రే జేబులు చూసుకోవడం మంచిది.

ప్రింటు లేదు, ఫోన్లో టికెట్ తెరుచుకోవట్లేదు. స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే నెట్ లేకపోయినా గట్టెక్కుతారు.

తొమ్మిదైనా క్యూలోనే ఉన్నారు. కంగారుపడి వేరే గేటుకి పరిగెత్తకండి, అక్కడ మళ్లీ చివర్నుంచి మొదలు.

చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చేతులు చంకల్లో పెట్టుకోండి, కూర్చున్నచోటే మడమలు పైకీ కిందకీ ఆడించండి. ఎండ రాగానే సర్దుకుంటుంది.

## 12. పరేడ్ అయ్యాక

చివరి జాతీయ గీతం అవగానే అందరూ ఒక్కసారి లేస్తారు. మీరు ఓ అరగంట కూర్చోండి. ఆ మొదటి తాకిడిలో మెట్రో మెట్ల మీద నలిగిపోవడం తప్ప ఒరిగేది లేదు. బయట రోడ్లు కూడా పరేడ్ ఎర్రకోట చేరేదాకా మెల్లగానే తెరుచుకుంటాయి. ముందే ఒక కలుసుకునేచోటు అనుకోండి. ‘స్టేషన్ దగ్గర’ అంటే చాలదు, ఫలానా గేటు నంబరు అనాలి.

భోజనానికి మనవాళ్లందరి మనసూ అశోక రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ మీదికే పోతుంది. ఇండియా గేట్‌కి దగ్గరే. ఆ రోజు తెరుస్తారో లేదో, దారి వదిలారో లేదో కనుక్కున్నాకే అటు అడుగెయ్యండి. ఖాళీ కడుపుతో బారికేడ్ల మధ్య తిరగడం కంటే మెట్రో ఎక్కి బస దగ్గరికి వెళ్లి తినడం నయం. తిన్నాక ఓ రెండు గంటలు పడుకోండి.

భారత్ పర్వ్‌ని 27కి పెట్టుకోవడం మేలు. వయొలెట్ లైన్‌లో లాల్ ఖిలా స్టేషన్లో దిగితే సరి. కర్తవ్య పథ్ మీద నిమిషంలో దాటిపోయిన శకటం పక్కన అక్కడ తాపీగా నిలబడి, బొమ్మల రంగులు, అతుకులు దగ్గర్నుంచి చూడొచ్చు, పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. రాష్ట్రాల తిండి స్టాళ్లు, చేతిపనుల స్టాళ్లు కూడా ఉంటాయి. ఇక్కడా తనిఖీ ఉంటుంది గనక పెద్ద సంచులు తేవద్దు.

28 ఉదయం బయల్దేరేవాళ్లు ముందురాత్రే రైలు ఎంత ఆలస్యంగా నడుస్తోందో రైల్వే యాప్‌లో చూసుకోండి. అటునుంచి రావాల్సిన బండి పొగమంచులో చిక్కుకుంటే ఇటునుంచి బయల్దేరే వేళా వెనక్కి జరుగుతుంది. రూము ఖాళీ చేసే ముందు ఆ సంగతి తేల్చుకుంటే, ప్లాట్‌ఫాం మీద సామాన్లతో కూర్చునే బదులు అదే మంచం మీద ఇంకో మూడు గంటలు నిద్రపోవచ్చు.